ఓడ ఎక్కాక సింగపూర్ ప్యాక్ చెల్లదు

ప్రశ్న: నమస్కారమండీ. మాది కావలి. నేనూ మావారూ ఇద్దరం టీచర్లుగా చేసి రిటైరయ్యాం. మా అమ్మాయి సింగపూర్‌లో ఉంటుంది. వచ్చే నెల మమ్మల్ని అక్కడికి రమ్మని, పెద్ద ఓడలో పెనాంగ్, ఫుకెట్ తిప్పి తీసుకొస్తానంటోంది. సంతోషమే. కానీ మా ఎదురింటాయన ఇలాగే ఓడ ప్రయాణం చేసొస్తే ఫోన్ బిల్లు ముప్పై వేలు దాటిందట. "ఫోన్ చేసింది లేదు, ఎత్తింది లేదు, జేబులోనే ఉంది" అని లబోదిబోమంటున్నారు. నాది ప్రీపెయిడ్. మావారిది మా అబ్బాయి తీసిచ్చిన పోస్ట్‌పెయిడ్. మా అత్తగారికి ఎనభై దాటాయి, మేం లేనన్నాళ్ళూ ఇక్కడ ఒక్కరే ఉంటారు. రోజుకోసారి ఆవిడ గొంతు వినకపోతే మావారికి అన్నం సహించదు. ఫోన్లు అమ్మాయి ఇంట్లో పెట్టేసి ఓడ ఎక్కమంటారా? ఏం చెయ్యమంటారు?
— ఒక టీచరమ్మ, కావలి

జవాబు: ఫోన్లు ఇంట్లో పెట్టి పోవడమెందుకమ్మా, ఫొటోలు తీసుకోవద్దా! శుభ్రంగా తీసుకెళ్ళండి. మీ ఎదురింటాయన అబద్ధం చెప్పడం లేదు. ఓడలో జేబులో ఉన్న ఫోన్‌కి కూడా బిల్లు పడుతుంది. ఎందుకు పడుతుందో తెలిస్తే మిగతాదంతా మీ చేతిలో పనే.

టవర్ అంటే నేల మీద ఉండేదని మన లెక్క. ఒడ్డు వదిలి కొంత దూరం పోతే సిగ్నల్ పోతుంది. మైపాడు, జువ్వలదిన్నె వైపు వేటకు పోయేవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. పాత 2జీ టవర్ అయితే మామూలుగా 35 కిలోమీటర్లు దాటి అందదు. పెద్ద టూరిస్టు ఓడల్లో మాత్రం నడిసముద్రంలో కూడా ఫోన్‌లో గీతలు కనిపిస్తాయి. ఓడ లోపలే చిన్న చిన్న టవర్లు బిగించి, వాటిని ఉపగ్రహానికి కలిపి ఉంటారు. ఓడ రేవులో ఉన్నంతసేపూ వాటిని మామూలుగా ఆపేస్తారు. రేవు వదిలి, సాధారణంగా 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్లు పోయాక ఆన్ చేస్తారు.

ఇప్పుడు మీ ఫోన్ ఏం చేస్తుందో చూడండి. సింగపూర్‌లో దిగగానే, మీరు విదేశంలో వాడుకోవడానికి కొన్న రోమింగ్ ప్యాక్ పనిచెయ్యడానికి మీ అమ్మాయి 'డేటా రోమింగ్' ఆన్ చేస్తుంది, అంటే పరాయి నెట్‌వర్క్ మీద కూడా ఇంటర్నెట్ నడిచే సెట్టింగ్. అది అలాగే ఉండిపోతుంది. ఓడ కదులుతుంది, సింగపూర్ సిగ్నల్ సన్నగిల్లుతుంది. ఫోన్ దాని పద్ధతి ప్రకారం ఇంకో సిగ్నల్ కోసం వెతుక్కుంటుంది. నెత్తిమీదే ఓడ టవర్ ఉంది కాబట్టి దాన్ని పట్టుకుంటుంది. మిమ్మల్ని అడగదు. మీరు డెక్ మీద నిలబడి సముద్రం చూస్తుంటే జేబులో అది మెయిల్స్ దించుకుంటుంది, యాప్‌లు అప్‌డేట్ చేసుకుంటుంది, మొబైల్ డేటాలో కూడా ఫొటోలు బ్యాకప్ చెయ్యమని ఎప్పుడో చెప్పి ఉంటే మీరు పొద్దున తీసిన వీడియోని పైకి పంపడం మొదలుపెడుతుంది.

సముద్రం ఏ దేశమూ కాదమ్మా, చిక్కంతా అక్కడే. మీరు కొన్నది సింగపూర్ ప్యాక్, లేదా సింగపూర్, మలేషియా, థాయిలాండ్ మూడూ కలిపిన ప్యాక్. ఓడ టవర్ ఆ మూడింటిలోనూ లేదు. ప్రతి దేశానికీ ఫోన్ నెట్‌వర్క్‌ల లెక్కలో ఒక నంబర్ ఉంటుంది. మనది 404, 405. సింగపూర్ 525, మలేషియా 502. ఓడల్లాంటి వాటికి ఏ దేశానికీ చెందని 901 ఇచ్చారు. ఓడ రేవు దాటాక ఫోన్ పైన చూడండి. 'సెల్యులార్ ఎట్ సీ' అనో, 'టెలినార్ మారిటైమ్' అనో, ఉత్తినే 901-18 అనో కనిపించిందంటే మీ ప్యాక్ పక్కకు పోయినట్టే. కొన్ని కంపెనీలు ఓడల కోసమే విడిగా ప్యాక్‌లు అమ్ముతాయి. అది కొనకపోతే ఓడ రేటు పడుతుంది.

ఆ రేటు ఎంతుంటుందో మాట వరసకు ఒక లెక్క వేద్దాం. ఒక ఎం.బి.కి మూడొందలనుకోండి. మామూలు క్వాలిటీలో ఒక్క నిమిషం వీడియో తీస్తే 60 ఎం.బి. పైనే ఉంటుంది, ఫోన్‌ని బట్టి 130 దాకా పోతుంది. ఆ ఒక్క వీడియో బ్యాకప్ అయితే పద్దెనిమిది వేలు. మీ ఎదురింటాయన ముప్పై వేలకు బయటపడ్డారంటే ఆయన అదృష్టవంతుడనే నేనంటాను.

నేను నెల్లూరులో టెలిఫోన్ల శాఖలో పనిచేసిన రోజుల్లో పసుపు బోర్డుల ఎస్‌టీడీ బూత్‌లు వీధికొకటి ఉండేవి. లోపల ఎర్ర అంకెల మీటర్ గిర్రున తిరుగుతుంటే మాట్లాడేవాళ్ళ కళ్ళన్నీ దానిమీదే. "సరే అమ్మా ఉంటా, ఉంటా" అని పెట్టేసేవాళ్ళు. ఓడలో కూడా మీటర్ అలాగే తిరుగుతుంది, కాకపోతే మీకు కనిపించదు. నెలాఖరుకి బిల్లు మీ అబ్బాయి మెయిల్‌కి వస్తుంది.

సరే, చెయ్యాల్సింది చెప్తాను.

ఓడ రేవులో ఉండగానే, తాడు విప్పకముందే, రెండు ఫోన్లలోనూ ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి. విమానం బొమ్మ కనిపించాలి. డేటా రోమింగ్ ఒక్కటి ఆపితే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. డేటా రోమింగ్ ఆపితే ఇంటర్నెట్ ఆగుతుంది కానీ కాల్స్ ఆగవు. ఓడలో వచ్చే కాల్‌కి కూడా డబ్బు పడుతుంది. పైగా నిమిషం లెక్కన. ఏదో లోన్ కావాలా అని అడిగే అమ్మాయి కాల్ ఎత్తి "వద్దమ్మా" అన్నా ఒక నిమిషం బిల్లు. రెండు సిమ్‌ల ఫోన్ అయితే డేటా రోమింగ్ ఏ సిమ్‌కి ఆ సిమ్‌కి విడిగా ఉంటుంది, ఒకటి ఆపి రెండోది మరిచిపోయేవాళ్ళు బోలెడుమంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌తో ఈ గొడవలన్నీ ఒక్క దెబ్బకి పోతాయి. కెమెరా, అలారం, పాటలు, అన్నీ మామూలుగానే పనిచేస్తాయి.

ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టాక, దాన్ని తియ్యకుండానే వైఫై ఒక్కటి విడిగా ఆన్ చేసుకోవచ్చు. ఈ సంగతి మీవారికి రెండు మూడుసార్లు చూపించమని అమ్మాయికి చెప్పండి. ఓడ వైఫై వేరు, ఓడ సెల్ టవర్ వేరు. రెండూ ఆకాశంలోకే పోతాయి కానీ లెక్కలు వేరు. వైఫై ముందే ధర చెప్పి అమ్ముతారు, రోజుకింత అని. కొన్నంతవరకే ఖర్చు, తర్వాత బాంబు పేలదు. పాత పద్ధతిలో ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల పైన ఉండేది. మీరు "హలో" అంటే అటు చేరి మళ్ళీ "ఆఁ" అని రావడానికి అర సెకను పైనే పట్టేది, ఇద్దరూ ఒకరి మాటకొకరు అడ్డొచ్చేవాళ్ళు. 2022 నుంచి పెద్ద ఓడల కంపెనీలు స్టార్‌లింక్ అనే ఉపగ్రహ ఇంటర్నెట్ పెట్టుకుంటున్నాయి. ఆ ఉపగ్రహాలు ఐదువందల కిలోమీటర్లకు అటూ ఇటూ ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి వీడియో కాల్ కూడా బాగానే నడుస్తుంది. మీ ఓడలో ఏది ఉందో అమ్మాయి బుక్ చేసేటప్పుడే అడిగితే సరి.

వైఫై ప్లాన్ ఒక ఫోన్‌కి ఒకటి చొప్పున అమ్ముతారు. ముగ్గురికీ మూడు కొనక్కర్లేదు. చాలా ఓడల్లో ఒక ఫోన్‌లో లాగౌట్ అయి ఇంకోదానిలో లాగిన్ కావచ్చు. ఓడ ఎక్కాక కౌంటర్లో కొనేకంటే ఇంటి దగ్గరే ముందుగా కొంటే మామూలుగా చౌక. చౌక ప్లాన్లలో కొన్ని మెసేజీల వరకే, వీడియో కాల్స్ వాటిలో కదలవు. అది చూసి కొనాలి.

ఇక మీ అత్తగారు. నాకు అసలు ముఖ్యమనిపించింది ఈ సంగతే. ఆవిడ దగ్గర బటన్ల ఫోన్ ఉంటుందనుకుంటాను. దానికి వాట్సాప్ కాల్ పోదు కదా. పక్కింట్లో వాట్సాప్ ఉన్న పిల్లల్లో ఒకరికి చెప్పి పెట్టండి, సాయంత్రం ఫలానా టైముకి వచ్చి ఫోన్ ఆవిడ చేతిలో పెట్టమని. లేదా ఓడ పెనాంగ్‌లో ఆగినప్పుడు మాట్లాడండి. అక్కడ ఓడలు ఆగే స్వెటెన్‌హామ్ పియర్ జార్జ్‌టౌన్ ఊరి నడుమనే ఉంటుంది. దిగగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసెయ్యండి, పైన మలేషియా కంపెనీ పేరు వచ్చాక, మీ ప్యాక్‌లో మలేషియా ఉంటే, నేరుగా ఆవిడ బటన్ల ఫోన్‌కే చేసుకోవచ్చు. మలేషియా మనకంటే రెండున్నర గంటలు ముందు. మీరు అక్కడ పదకొండుకు దిగితే కావలిలో ఎనిమిదిన్నర, ఆవిడ టిఫిన్ టైము. మళ్ళీ ఓడ ఎక్కేటప్పుడు విమానం బొమ్మ మర్చిపోవద్దు.

వాట్సాప్ నంబర్ మారదు, సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా వైఫైతో అదే నంబర్ మీద నడుస్తుంది. అయితే ప్రయాణంలో ఉండగా వాట్సాప్ తీసేసి మళ్ళీ వేసుకోవడంలాంటివి పెట్టుకోవద్దు, మళ్ళీ ఓటీపీ అడుగుతుంది, ఆ ఓటీపీ సిమ్‌కి రావాలి. బ్యాంక్ పనులకీ ఇదే గొడవ. కరెంట్ బిల్లు, చీటీ డబ్బులు, మనవడి ఫీజు, ఏవున్నా ఓడ ఎక్కకముందే కట్టేయండి. క్రెడిట్ కార్డు విదేశాల్లో పనిచేసేలా ఆన్ చేసుకోవడం కూడా ఇంటి దగ్గరే. ఓడలో కాఫీ దగ్గర్నుంచి అన్నీ గది కార్డు మీద రాస్తారు, చివర్లో క్రెడిట్ కార్డుకి పోతుంది.

మీ ప్రీపెయిడ్ గురించి నాకు పెద్ద బెంగ లేదు. బ్యాలెన్స్ అయిపోతే ఆగిపోతుంది, పోతే అందులో ఉన్నదే పోతుంది. బెంగంతా మీవారి పోస్ట్‌పెయిడ్ గురించే. దానికి ఇంకో రెండు పనులు. ఒకటి, కాల్ ఫార్వర్డింగ్. కాల్ ఎత్తకపోతే ఇంకో నంబర్‌కి పోయేలా పెట్టి ఉంటే, ఫోన్ రోమింగ్‌లో ఉన్నప్పుడు అది వచ్చిన కాల్‌గా ఒకసారి, పోయిన కాల్‌గా ఇంకోసారి పడొచ్చు. ఇండియాలో ఉండగానే ##002# కొట్టి కాల్ బటన్ నొక్కితే ఫార్వర్డింగులన్నీ పోతాయి. రెండు, 'వైఫై కాలింగ్' అని సెట్టింగ్‌లో ఉంటుంది. అది వాట్సాప్ కాల్ కాదు, మామూలు కాల్‌నే వైఫై మీదుగా తెచ్చేది, దానికి కంపెనీ వాళ్ళ రేటు వాళ్ళు వేసుకుంటారు. ఓడ దిగేదాకా ఆపి ఉంచండి.

ఒక్క మాట గడియారం గురించి, దీన్ని ఎవరూ చెప్పరు. సింగపూర్, మలేషియా ఒకే టైము. థాయిలాండ్ గంట వెనక. ఫుకెట్‌లో దిగి ఫోన్ సిగ్నల్ ఆన్ చెయ్యగానే గడియారం దానంతటదే గంట వెనక్కి పోతుంది. ఓడ వాళ్ళు చాలాసార్లు తమ టైమే నడుపుతారు. సాయంత్రం ఐదుకల్లా ఎక్కాలి అని వాళ్ళంటే, మీ ఫోన్‌లో నాలుగే కదా అని మీరు బజార్లో కొబ్బరినీళ్ళు తాగుతూ ఉంటారు. ఓడ ఆగదు. మీవారి చేతికి మామూలు వాచీ పెట్టించి, ఓడ టైముకి తిప్పి ఉంచండి.

ఓడ పేరు, ప్రయాణం తేదీలు, గది నంబర్ ఒక కాగితం మీద రాసి పక్కింటివాళ్ళకీ, మీ అబ్బాయికీ ఇచ్చిపెట్టండి. ఏదైనా అర్జంటైతే ఓడ కంపెనీకి ఫోన్ చేసి గది నంబర్ చెబితే మీకు కబురందుతుంది.

ప్రశ్న: చెన్నైలో ఎక్కి విశాఖలో దిగే ఓడ ఒకటి నడుస్తుందని మా ఫ్రెండ్స్ అంటున్నారు. మన రేవు నుంచి మన రేవుకే కదా సార్. మామూలు రీఛార్జ్ సరిపోతుందా? రోమింగ్ అని భయపడాలా?
— ఒక డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

జవాబు: సరిపోతుంది, సగం దారి వరకు! చెన్నై, విశాఖ, పుదుచ్చేరి మధ్య కార్డీలియా కంపెనీ ఓడ 2022లో నడిచింది. రేవులో ఉన్నంతసేపూ, ఒడ్డుకు దగ్గరగా పోతున్నంతసేపూ నీ సిమ్ మామూలుగా పనిచేస్తుంది బాబూ. లోపలికి పోయాక రెండే దారులు. ఓడలో సెల్ టవర్ లేకపోతే సిగ్నల్ పోతుంది, అంతే, డబ్బుకేం ఢోకా లేదు. ఉంటే మాత్రం అది రోమింగే. ఎక్కిందీ దిగిందీ మన రేవులే అయినా మధ్యలో నీ ఫోన్ పట్టుకున్న టవర్ మన కంపెనీది కాదు. మన జలాల్లో ఓడల్లో, మన ఆకాశంలో విమానాల్లో ఉపగ్రహం ద్వారా ఫోన్, ఇంటర్నెట్ ఇవ్వడానికి కేంద్రం 2018లోనే నిబంధనలు తెచ్చింది. కాబట్టి మన ఓడే కదా అని ధీమాగా ఉండొద్దు.

ప్రీపెయిడ్ అయితే, ఇంటర్నేషనల్ రోమింగ్ ఎప్పుడూ ఆన్ చేయించుకోకపోతే, నీ సిమ్ ఓడ టవర్ని పట్టుకోదు. ఏమైనా సిగ్నల్ పోగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టడం మంచిది. దొరకని టవర్ కోసం ఫోన్ వెతుకుతూ కూర్చుంటే బ్యాటరీ సాయంత్రానికే దిగిపోతుంది. రీల్స్ చూడాలనుకుంటే ఓడ వైఫై కొనుక్కో. నన్నడిగితే కొనొద్దు. ఫ్రెండ్స్‌తో పోతున్నావుగా.

ప్రశ్న: మా నాన్నగారు అమెరికాలో మా తమ్ముడి దగ్గరికి వెళ్ళి, వాళ్ళతో ఫ్లోరిడా నుంచి బహామాస్ ఓడలో వెళ్ళొచ్చారు. ఆయన సిమ్ నా ఫ్యామిలీ పోస్ట్‌పెయిడ్‌లో ఉంది. ఆ నెల బిల్లు మామూలుగానే వచ్చింది, హమ్మయ్య అనుకున్నాం. తర్వాతి నెల బిల్లులో మాత్రం ఇరవై రెండు వేలు ఎక్కువ వేశారు. నాన్నగారు ఓటీపీల కోసం సిమ్ ఆన్‌లో ఉంచారంతే. ఇప్పుడేం చెయ్యాలి? కట్టకపోతే అందరి ఫోన్లూ ఆపేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.
— ఒక గృహిణి, దర్గామిట్ట, నెల్లూరు

జవాబు: తర్వాతి నెల రావడం వింతేం కాదమ్మా. ఓడ నెట్‌వర్క్ వాళ్ళు లెక్క రాసి మన కంపెనీకి పంపాలి. ఆ పద్దు ఆలస్యంగా చేరుతుంది. అందుకే రోమింగ్ నుంచి వచ్చిన వెంటనే బిల్లు బాగుందని సంబరపడకూడదు, ఇంకో నెల ఆగి చూడాలి.

ముందు మొత్తం వివరాల బిల్లు తెప్పించండి. తేదీ, టైము, నెట్‌వర్క్ పేరు, డేటానా కాలా ఎస్సెమ్మెస్సా, ఎంత సేపు, ఎంత ఎం.బి., అన్నీ ఉండాలి. నాన్నగారి దగ్గర ఓడ టికెట్ ఉంటుంది, ఏ రోజు ఏ టైముకి రేవు వదిలింది, ఏ రోజు తిరిగొచ్చింది అని. రెండూ పక్కన పెట్టుకుని చూడండి. ఓడ రేవులో ఉన్న టైములో ఓడ నెట్‌వర్క్ పేరుతో పడి ఉంటే గట్టిగా అడగొచ్చు. టైములు కూడా జాగ్రత్తగా చూసుకోండి, బిల్లులో ఏ దేశపు టైము వేశారో అడగండి. అమెరికా తూర్పు తీరానికీ మనకీ తొమ్మిదిన్నర లేదా పదిన్నర గంటల తేడా ఉంటుంది, తేదీ మారిపోతుంది.

తర్వాత కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నంబర్ తీసుకోండి. ఊరికే మాట్లాడి పెట్టేస్తే లెక్కలోకి రాదు. అడగాల్సిన మాటలు ఇవి: ఓడ నెట్‌వర్క్‌కి మారినప్పుడు రేటు చెబుతూ మెసేజ్ పంపారా? ఈ నంబర్‌కి క్రెడిట్ లిమిట్, అంటే బిల్లు ఎంతవరకు పోవచ్చన్న హద్దు ఎంత? అది దాటబోతుంటే నాకు చెప్పారా? దాటాక ఎందుకు ఆపలేదు? కోపంగా కాకుండా ఇవే ప్రశ్నలు రాతలో మెయిల్ కూడా చెయ్యండి. ఇలాంటి బిల్లుల్లో కంపెనీలు కొంత తగ్గించడం, వెనక తేదీతో ప్యాక్ కిందకి మార్చడం నేను చూశాను. అది వాళ్ళ దయే, హక్కు కాదు. కానీ అడగనిదే ఇవ్వరు.

వాళ్ళ జవాబు నచ్చకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు. ఫోన్ కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్ 2012లో పెట్టిన నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ ఈ ఏర్పాటు ఉంచాలి. అప్పీలుకి ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కే నేరుగా రాస్తామంటారు కొందరు, వాళ్ళు ఒక్కొక్కరి బిల్లు తీర్పు చెప్పరు. అప్పీలూ అయ్యాక, లేదా దానితోపాటే, 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో చెప్పండి. అదీ కాకపోతే నెల్లూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది.

ఫోన్లు ఆపేస్తారని మీకున్న భయం నిజమే. అందుకని గొడవ లేని మామూలు నెల బిల్లు భాగం గడువులోపే కట్టేయండి. రోమింగ్ భాగం మీద ఫిర్యాదు ఉందని డాకెట్ నంబర్‌తో సహా మెయిల్‌లో రాసి, అది తేలేవరకు ఆ మొత్తం పక్కన పెట్టమని అడగండి. ఆ మెయిల్ నకలు దాచుకోండి. నాన్నగారి నంబర్‌ని మాత్రం ఫ్యామిలీ ప్లాన్ నుంచి తీసి ప్రీపెయిడ్‌లోకి మార్చేయండి. నంబర్ మారదు, ఓటీపీలు మామూలుగానే వస్తాయి.